మా అత్త కోసం పట్టిన జెల్లలు

మా అత్త నా మీద అలిగి హొళగుంద బస్సెక్కింది ఒక చేపకూర వల్ల. ఈ మాట చెబితే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఆ కూర తర్వాత మా ఇంట్లో జరిగింది మాత్రం నవ్వే సంగతి కాదు.

ఎండలు ముదిరిన రోజులవి. మిరపకాయలు కోసే సుగ్గికని గుంటూరు వైపు వలసపోయిన కూలీలంతా మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళకు తిరిగి వచ్చేశారు. తుంగభద్ర నీళ్ళు తెచ్చే ఎల్లెల్సీ కాలువకు నీళ్ళు ఆపేశారు. మా ఊరు ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే దారిలో ఆ కాలువ కట్టను ఆనుకునే ఉంటుంది. కాలువ పారుతుంటే ఊరికి ఒక కళ. ఆగిందంటే దుమ్ము, ఈగలు, పనిలేని మగవాళ్ళు, ఎండకు తల తిరిగిన ఆడవాళ్ళు. నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఆ రోజు దారాలు, హుక్కులు కొనడానికి ఎమ్మిగనూరు పోయి, తిరిగి వస్తూ చేపల అంగడి ముందు ఆగాను. టబ్బులో నల్లగా, మోచెయ్యంత పొడుగున్న క్యాట్‌ఫిష్‌లు మీసాలు ఆడిస్తూ మెసులుతున్నాయి. ధర తక్కువ, లోపల ముళ్ళు తక్కువ. ఒకటి కోయించుకుని వచ్చి, మసాలా నూరి, చింతపండు పులుసు పోసి వండాను. వాసన వీధి చివరిదాకా పోయింది.

మా అత్త మూత తీసి చూసింది. "ఇదేం సేప మ్మే?"

"మీసాల చేపనే అత్తా. మన కాలువ జెల్లలాంటిదే, కాకపోతే పెద్దది."

"జెల్లంట జెల్ల! కోళ్ళ పేగులేసి గుంతల్లో పెంచే సేప ఇది. వీటిని పెంచగూడదని గవుర్మెంటోళ్ళు గుంతలు పూడిపిస్తాండారంట. దీన్నా నా కొడుక్కు పెడ్తావు?" అంది. అంతటితో ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్ని. గిన్నె ఎత్తుకుపోయి, వీధి కుక్కల ముందు బోర్లించింది.

నా కోపం సంగతి ఊరంతటికీ తెలుసు. "మా పెండ్లాంకంటే దాని కోపం ముందు పుట్టింది" అని మా ఆయన అందరి ముందూ ఎగతాళి చేస్తుంటాడు. పొద్దున్నుంచీ ఎండలో తిరిగి, పొయ్యి ముందు చెమటలు కక్కుకుంటూ వండిన కూర కుక్కలు నాకుతుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? "నీ నాలుకకు కాలువ జెల్లలే కావాలంటే నీ కొడుకును పట్టుకరమ్మను. కుక్కలకు పోసేదానికి నాకేం కొవ్వెక్కి వండలే" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆమె కూడా తక్కువ తినలేదు. చివరికి రెండు చీరలు సంచిలో కుక్కుకుని, చెప్పులేసుకుని, గడప అవతల నిలబడింది.

"నా కొడుకు వచ్చి, వాని నోటితో అమ్మా రా అని పిలవల్ల. అంతవరకు ఈ గడప తొక్కను. నువ్వు పిలిస్తే కాదు, వాడు" అని, కూతురు ఉండే హొళగుందకు బస్సెక్కి పోయింది.

మా ఆయన అప్పుడు ఇంట్లో లేడు. ఆటోలో ఉల్లిగడ్డలు వేసుకుని ఊరూరూ తిరిగి అమ్మడం ఆయన పని. మనిషి నోరు మూతపడేది నిద్రలో మాత్రమే, అదీ అనుమానమే. అరిచి అరిచి గొంతు పోతోందని ఆటో ముందర ఒక మైకు పెట్టించి, తన అరుపునే అందులో రికార్డు చేసుకున్నాడు. "ఉల్లిగడ్డలమ్మా ఉల్లిగడ్డలు! కోస్తే కన్నీళ్ళు, తింటే తీపి! రండక్కా, రండమ్మా!" మైకు అదంతా చెబుతూనే ఉంటుంది, పక్కనుంచి ఈయనా మాట్లాడుతూనే ఉంటాడు. ఆడవాళ్ళు ఉల్లిగడ్డలకు వచ్చి ఆయన మాటలకు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఆదోనిలో కూడా ఆ గొంతు వినగానే గుర్తుపట్టి చెంబులో మజ్జిగ ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

సాయంత్రం వచ్చి సంగతంతా విని, తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు. తల గోక్కుని నవ్వాడు. "మా యమ్మను ఒట్టి సేతుల్తో పిలిస్తే రాదు మే. రేపు సైపన్ కాడ మడుగు తోడుతాండారు. మంచి జెల్లలు పట్టుకుంటా. బకెట్లో నీళ్ళు పోసి బతికుండంగనే హొళగుంద ఎత్తుకపోతా. అక్కతో పులుసు పెట్టిచ్చి, కడుపునిండా తిన్నాక మెల్లగా ఆటో ఎక్కించుకోనొస్తా. నువ్వు మాత్రం ఆ పొద్దు నోరు తెరవాకు" అన్నాడు. సరేనన్నాను. నాకూ అప్పటికి కోపం దిగి, ముసలామె ఎండలో బస్సు కోసం ఎంతసేపు నిలబడిందో అని మనసు పీకుతోంది.

సైఫన్ అంటే, కాలువ ఒక వంక కిందుగా దూరి అవతల తేలే చోటు. నీళ్ళు ఆపినా ఆ మూతి దగ్గర పల్లంలో మడుగు నిలుస్తుంది. కాలువలోని జెల్లలన్నీ ఎండకు వెనక్కి వెనక్కి జరిగి ఆ మడుగులోకి చేరతాయి. జెల్ల జానెడు చేప. నున్నగా ఉంటుంది, పొలుసు ఉండదు, పిల్లి మీసాలు ఉంటాయి. వీపు మీద ఒకటి, చెంపల పక్కన చెరొకటి రంపపు పళ్ళ ముళ్ళు ఉంటాయి. పట్టుకోగానే ఆ ముళ్ళు నిక్కబొడుచుకుని కిర్రుకిర్రుమంటుంది. ఒకసారి నిక్కాయంటే మనం ఒత్తినా మడతపడవు. వేళ్ళ సందుల్లోకి ముళ్ళు వచ్చేలా తల వెనకనుంచి పట్టుకోవడం తెలిసినవాళ్ళే మడుగులో దిగాలి.

మడుగు తోడటానికి ఊరు ఊరంతా వస్తుంది. మట్టితో అడ్డం కట్టి, తట్టలతో, బకెట్లతో నీళ్ళు అవతల పోస్తారు. తోడటం మాత్రమే అందరిదీ. బురద తేలిందంటే ఎవరి పట్టు వాళ్ళది. ఎవరు తమ చేతులతో గట్టుకు తెచ్చి తమ బకెట్‌లో వేసుకుంటే వాళ్ళ సొంతం. మధ్యలో జారి పడిందా, పక్కవాడిది. అందుకే చేతిలో ఒక చేప ఉండగా కాలి కింద ఇంకొకటి మెదిలితే ఎవరూ గట్టుకు పోరు. చేతిలోది పళ్ళ మధ్య కరుచుకుని, రెండు చేతులూ బురదలోకి దించుతారు. మగవాళ్ళూ అంతే, ఆడవాళ్ళూ అంతే. మా ఊళ్ళో ఇదేమీ వింత కాదు. చిన్నప్పుడు మా ఆయన నోట్లో చేప చూసినప్పుడల్లా మా అత్త వీపు వాయగొట్టేదట. ఆయనే చెప్పి నవ్వేవాడు.

నేను గట్టు మీద బకెట్ పట్టుకుని కూర్చున్నాను. మా పుట్టిల్లు కూడా ఆ ఊరే కాబట్టి మా అన్న కూడా బురదలోనే ఉన్నాడు. మా ఆయన తెచ్చి వేస్తుంటే బకెట్‌లో జెల్లలు బుడబుడలాడుతున్నాయి. "అత్తకు సాలవా, ఇంగ రాప్పా" అని పిలిచాను. "ఉండు మే, ఇంగో మంచిది కాలికింద ఆడతాంది" అన్నాడు. చేతిలోని చేపను పళ్ళ మధ్య పెట్టుకుని వంగాడు.

మా అన్న పక్కనుంచి, "ఏం బావా, అత్తాకోడండ్ల మధ్యలో నువ్వు జెల్ల అయిపోతివే" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరో ఒక మాట అంటే తిరిగి అనకుండా ఉండటం మా ఆయన పుట్టుకలోనే లేదు. నోట్లో చేప ఉందని మరిచాడు. తల ఎత్తి, ఏదో అనబోయి నోరు తెరిచాడు. చేప గొంతులోకి దూకింది.

మొదట నాకు అర్థం కాలేదు. వేషాలు వేస్తున్నాడనుకున్నాను. బురద చేతులతో గొంతు పట్టుకుని, కళ్ళు బయటికి పొడుచుకొచ్చి, బురదలో మోకాళ్ళ మీద పడ్డాక నా బకెట్ చేతిలోంచి జారిపోయింది. మా అన్న దవడలు పట్టి తెరిచాడు. లోపల తోక మాత్రం కనబడుతోంది, ఆడుతోంది. అన్న రెండు వేళ్ళు లోపలికి పెట్టాడు.

"గుంజద్దన్నా! గుంజద్దు! ముండ్లు తెరుసుకుంటాయి!" అని అరిచాను. చిన్నప్పటి నుంచీ జెల్లలు బాగుచేసేదాన్ని, ఆ ముళ్ళు వెనక్కి లాగితే ఏం చేస్తాయో నా వేళ్ళకు తెలుసు. అన్న చెయ్యి తీసేశాడు. కానీ ఊపిరాడని మనిషికి ఎవరి మాట వినబడుతుంది? మా ఆయనే తన చేత్తో తోక పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. తోక చర్మం ఊడి చేతికొచ్చింది. నోట్లోంచి నెత్తురు వచ్చింది.

ఆయన్ను ఆయన ఆటోలోనే ఎక్కించాం. వెనక ఉల్లిగడ్డల మూటలు అలాగే ఉన్నాయి. వాటి మీదే పడుకోబెట్టి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. మా అన్నకు ఆటో నడపడం వచ్చు గానీ ఆ ఆటో మీటలు తెలియవు. కంగారులో ఏది నొక్కాడో ఏమో, మైకు మొదలైంది. "ఉల్లిగడ్డలమ్మా ఉల్లిగడ్డలు! కోస్తే కన్నీళ్ళు, తింటే తీపి!" ఒళ్ళో మనిషి ఊపిరి కోసం కాళ్ళు కొట్టుకుంటున్నాడు. ముఖం నీలంగా మారుతోంది. ముందర అదే మనిషి గొంతు, హుషారుగా, గట్టిగా, "రండక్కా, రండమ్మా!" అని పిలుస్తోంది. "ఆపన్నా, దాన్ని ఆపు" అని ఏడ్చాను. అన్నకు ఆపడం తెలియలేదు. దారిలో ఒక ఆవిడ గిన్నె పట్టుకుని ఆటోకు చెయ్యి అడ్డం పెట్టింది కూడా. దేవుడా, ఆ దారి పగవాళ్ళకు కూడా వద్దు.

ఎమ్మిగనూరులో మొదట కనబడిన నర్సింగ్ హోమ్ ముందు ఆపాం. లోపల ఉన్న డాక్టర్ చిన్నవాడే, కానీ ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. నోట్లోంచి తీయడం కుదరదని గొంతు కింద గుంట దగ్గర కత్తితో గాటు పెట్టి గొట్టం దూర్చాడు. ఆ గొట్టంలోంచి బుస్సుమని గాలి లోపలికి పోయింది. మా ఆయన ఛాతీ లేచింది. అప్పుడు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. అక్కడినుంచి అంబులెన్స్‌లో కర్నూలుకు తీసుకుపోయారు. అక్కడ పెద్ద డాక్టరమ్మ మత్తిచ్చి, ముళ్ళు విరిచి ముక్కలుగా చేపను బయటికి తీసింది.

"ప్రాణానికి భయం లేదమ్మా. కానీ గొంతులో మాట పుట్టే చోట బాగా చీరుకుపోయింది. గొట్టం కొన్నాళ్ళు ఉంచాలి. ఉన్నన్నాళ్ళూ మాట రాదు. తీసిన తర్వాత వస్తుంది గానీ, ముందున్నట్టే వస్తుందని నేను చెప్పలేను" అంది.

ఆస్పత్రిలో మేమొక తమాషా అయ్యాం. పక్క మంచాలవాళ్ళ బంధువులు వచ్చి చూసిపోయేవాళ్ళు. "బతికున్న సేపనా?" అని ఒకామె నోరు నొక్కుకుని అడిగింది. "కాదమ్మా, పులుసులోది" అన్నాను. ఆమె ముఖం ముడుచుకుని పోయింది. మా ఆయన మంచం మీద నవ్వబోయి, గొట్టంలోంచి గాలి ఈలలా వచ్చేసరికి ఆపేశాడు. అది చూడలేక బయటికి పోయి ఏడ్చాను.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, హొళగుంద నుంచి వచ్చింది. ఏదో పెళ్ళికి పోతున్నానని వాళ్ళమ్మకు చెప్పి వచ్చిందట. తమ్ముడిని చూసి గుండెలు బాదుకుని, తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "అమ్మకు మాత్రం సెప్పద్దు మే. పోయినేడు బీపీ ఎక్కి పడిపాయె గదా. గొట్టం సూస్తే మనకు దక్కదు. వీడు బాగై మాట్లాడినంక అన్నీ సెప్పుదాం" అంది.

"చెప్పకపోతే ఇంకా తప్పు వదినా. ఆమె నామీద అలిగి పోయింది. నేనే కొడుకును పోనీకుండా చేసినానని అనుకుంటుంది" అన్నాను.

మంచం మీదినుంచి మా ఆయన వేలు అడ్డంగా ఊపాడు. తన వీపు చూపించి, చేత్తో కొట్టినట్టు చేసి, నవ్వాడు. అమ్మకు తెలిస్తే ఈ వయసులో కూడా దెబ్బలు పడతాయని. ఆ నవ్వు చూసి నేనూ నోరు మూసుకున్నాను.

ఇంటికి వచ్చాం. పాస్టరయ్య వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పోయాడు. వాళ్ళూ వీళ్ళూ వచ్చిపోయారు. తర్వాత ఇల్లు నిశ్శబ్దమైంది. పెళ్ళైనప్పటి నుంచీ "కొంచేపు గమ్మునుండప్పా" అని నేను ఎన్నిసార్లు అని ఉంటానో లెక్కలేదు. ఇప్పుడు గమ్మున ఉన్నాడు. మిషన్ తొక్కడం ఆపితే ఇంట్లో ఆ గొట్టంలో గాలి పోయి వచ్చే చప్పుడు ఒక్కటే. నీళ్ళు కావాలంటే గిన్నె మీద చెంచాతో కొట్టేవాడు. వాకిట్లోకి ఎవరైనా వస్తే లేచి లోపలికి పోయేవాడు. నాకు ఆ మనిషి మీద కోపం వచ్చేది, జాలి వచ్చేది. ఆటో అలా ఎండలో నిలిపితే పొయ్యి వెలగదు కాబట్టి మా అన్న తీసుకుపోయి ఉల్లిగడ్డలు అమ్ముకొచ్చేవాడు.

మా అత్త ఫోను రోజూ సాయంత్రం వచ్చేది. వాళ్ళింట్లో ఉన్నది మాటలకు మాత్రమే పనికొచ్చే చిన్న ఫోను. మొదట్లో నన్ను పలకరించకుండానే, "వానికియ్యి" అనేది. నిద్రపోతున్నాడన్నాను. కోడుమూరుకు పోయినాడన్నాను. గిరాకీ బాగుంది, తీరిక లేదన్నాను. అబద్ధం చెప్పడం నాకు రాదు, కోపంగా ఉన్నట్టు కసిరి చెబితే అబద్ధం దాగుతుందని కసిరేదాన్ని. ఆమె నమ్మినట్టు "ఊ" అని పెట్టేసేది.

ఒక సాయంత్రం ఆమె ఫోనులో ఉండగానే మా అన్న ఆటో వీధిలోకి వచ్చింది. మైకు మోగుతోంది. "ఉల్లిగడ్డలమ్మా ఉల్లిగడ్డలు! రండక్కా, రండమ్మా!"

అవతల మా అత్త ఆగిపోయింది. "ఆడనే ఉండాడు గదా" అంది. "అది నా కొడుకు గొంతే గదా. ఇంటి ముందరికే వచ్చినాడు. పిలువు."

ఆమెకు రికార్డు సంగతి తెలుసు, కానీ అది మోగే చోట కొడుకు ఉంటాడన్నది కూడా తెలుసు కదా. ఏం చెప్పను? మా ఆయన నా ఎదురుగానే మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఫోను వైపు చూస్తూ మెడ దగ్గర గొట్టం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"పిలవవు. వాడూ రాడు. సరే" అంది అత్త. "ఊర్లో వాళ్ళందరినీ అక్కా, అమ్మా అని పిలుస్తాండాడు. నన్ను పిలిచేదానికే వానికి నోరు రాలేదు" అని పెట్టేసింది. ఆ తర్వాత ఆమె ఫోను రాలేదు. ఆడబిడ్డే ఒకసారి చేసి, "అమ్మ సరిగా తినడంల్యా. వాకిట్లో బండ మీద కూసోని బస్సుల దిక్కు సూస్తాది. పక్కింటి కన్నడమోళ్ళు అడిగితే నాకు కొడుకు ల్యాడు అంటాంది" అంది. ఆ మాటలు మా ఆయనకు చెప్పలేదు. అప్పటికే సగమైపోయిన మనిషికి అవేం చెప్పను?

కొన్ని వారాలకు కర్నూలులో గొట్టం తీశారు. రంధ్రం మీద పట్టీ వేసి, "ఇక మాట్లాడండి. నెమ్మదిగా మొదలుపెట్టండి" అని డాక్టరమ్మ చెప్పింది. ఆయన తల ఊపాడు. ఇంటికి వచ్చినా పెదవులు మాత్రమే కదిపేవాడు. లోపలినుంచి గాలి వదిలేవాడు కాదు. నేను బతిమాలాను, అరిచాను, పళ్ళెం విసిరేశాను. వినలేదు. లోపల ఏం మిగిలిందో చూసుకోవడానికి భయం. నాకది అర్థమైంది. అర్థమైనా కోపం ఆగలేదు.

చివరికి ఒక పొద్దున అన్నీ కక్కేశాను. "మీ అమ్మ తినడం మానేసింది. నాకు కొడుకే ల్యాడని ఊరంతా చెబుతాంది. నేను చెడ్డదాన్నయితే అయినాను, నాకేం పోదు. ఆమె నువ్వు రాలేదని కాదప్పా, పిలవలేదని చచ్చిపోతాంది" అన్నాను.

ఆయన లేచి, మిషన్ మీదున్న ఫోను తనే అందుకుని హొళగుందకు కలిపాడు. ఫోను ఎత్తింది మా అత్తే. నేను పక్కనే నిలబడ్డాను. ఆయన కళ్ళు మూసుకుని, మెడ మీది పట్టీని వేలితో నొక్కి పెట్టి, "అమ్మా" అన్నాడు.

ఆ గొంతు నేను కూడా అప్పుడే మొదటిసారి విన్నాను. గచ్చు మీద రేకు ఈడ్చినట్టుంది. అందులో మా ఆయన ఎక్కడా లేడు.

"ఎవురప్పా?" అంది మా అత్త.

"నేనే మా."

"నేనే అంటే ఎవురు?"

ఆయన తన పేరు చెప్పాడు. వెంటనే ఆమె అరిచింది. "నా కొడుకు గొంతు నాకు తెలీదా? ఆ పొద్దు నా చెవులతో ఇన్నా. ఏం మే, యింటాండావా? ఎవురినో తెచ్చి నా కొడుకని మాట్లాడిపిస్తాండావా? థూ, మీ బతుకులు!"

పెట్టేసింది. మా ఆయన ఫోను నా చేతిలో పెట్టి, ఆ ఈడ్చిన రేకు గొంతుతోనే, "మా యమ్మకు నేను తెలీలేదు మే" అన్నాడు. ఆ మనిషిని పట్టుకుని ఏడ్చాను. ఇన్నాళ్ళూ దాచిపెట్టిన మమ్మల్నందరినీ చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

మరుసటి పొద్దున్నే బస్సెక్కి, ఆదోనిలో మారి, హొళగుందకు పోయాం. మెడకు తువ్వాలు చుట్టుకున్నాడు. మా అత్త వాకిట్లో బండ మీద కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతోంది. కొడుకును చూసింది. ముఖం ఒక్కసారి వెలిగింది, వెంటనే అటు తిప్పుకుంది. "ఇప్పుడు దావ తెలిసిందా?" అంది చేటకేసి చూస్తూ.

ఆయన ముందుకు పోయి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని తువ్వాలు విప్పాడు. ఆమె చూసింది. చేటలోంచి కొర్రలు కింద పోయాయి. లోపలినుంచి మా ఆడబిడ్డ పరుగెత్తుకొచ్చి అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ మా అత్త ఆమె వైపు చూడలేదు. కొడుకు మెడ మీద మాంసం కూడుకుంటున్న ఆ గుంట వైపే చూసింది.

"ఏం సేప?" అని నన్ను అడిగింది.

"జెల్ల అత్తా. నీకని పడతా ఉండె."

"నోట్లో పెట్టుకున్యాడా?"

తల ఊపాను. ఆమె చెయ్యి కొట్టడానికే లేచింది. ఆయన వీపు కూడా వంచాడు, చిన్నపిల్లవాడిలా. చెయ్యి వీపు మీద దిగి అక్కడే ఉండిపోయింది. ఆమె ఏడవలేదు. పడిపోలేదు. బీపీ అని మేము భయపడిందంతా మా పిచ్చితనం. ఆయన మాత్రం కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "అమ్మా, రా, ఇంటికి పోదాం" అన్నాడు. ఆ గొంతుకు ఆమె ఉలిక్కిపడింది. చుట్టూ చూసింది, ఇంకెవరో మాట్లాడినట్టు.

తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని సర్దుకుని కూర్చుంది.

"నిన్న ఫోన్లో నిన్ను ఎవురో అనుకుంటి గదప్పా. నా కడుపున పుట్టినోన్ని థూ అంటి. మళ్ళ అట్ల కాగూడదు. ఈ గొంతు నేను నేర్సుకోవల్ల. నేను కండ్లు మూసుకుంటా. నువ్వు పిలువు" అంది.

"అమ్మా" అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి వింది. కొడుకు వీపు మీద చెయ్యి మాత్రం తీయలేదు. ముఖంలో ఏదో వెతుకుతున్నట్టుంది.

"ఇంగోసారి."

"అమ్మా."

"ఇంగోసారి అను నాయనా. ఇంగా నాకు రాలేదు."